బంగరీ మెడలోని బిళ్ల

1815 జనవరి 31. సిడ్నీ రేవుకు ఉత్తరపు ఒడ్డున, జార్జెస్ హెడ్ అనే చోట ఒక చిన్న వేడుక జరిగింది. ఆ రోజు న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ లాక్లన్ మక్వారీ పుట్టినరోజు. ఆయన ఒక ఆదివాసీ మెడలో లోహపు బిళ్ల వేశారు. అది నెలవంక ఆకారంలో ఉంది. గొలుసుతో గుండెల మీదికి వేలాడుతుంది. దాని మీద ఆ మనిషి పేరు, ఆయన బ్రోకెన్ బే తెగకు నాయకుడన్న మాట, 1815 అనే సంవత్సరం చెక్కి ఉన్నాయి.

ఆ బిళ్ల అందుకున్న మనిషి పేరు బంగరీ. మన ఇళ్లలో చంటిపిల్లలను ముద్దుగా పిలుచుకునే మాటలా వినిపిస్తుంది కానీ, ఆస్ట్రేలియా చరిత్రలో ఇది పెద్ద పేరు. బిళ్ల వేసి ఆయనకు గౌరవం ఇచ్చామని గవర్నర్ అనుకున్నారు. అప్పటికి పన్నెండేళ్ల ముందే బంగరీ ఆస్ట్రేలియా ఖండం మొత్తాన్ని ఓడ మీద చుట్టి వచ్చారు. ఆ సంగతి బిళ్ల మీద లేదు.

బడిలో పిల్లలకు బ్యాడ్జీలు, మెడల్స్, టైటిల్స్ ఇస్తుంటాం. వాటిని ఇంట్లో షోకేసులో పెట్టుకుని మురిసిపోతాం. అందుకే ఈ నెల బంగరీ జీవితం చెప్పుకుందాం. ఒక మనిషి చేసిన పనికీ, ఇతరులు ఆయన మెడలో వేసిన బిళ్లకూ ఎంత దూరం ఉండవచ్చో ఈ కథ చూపిస్తుంది.

మశూచి మిగిల్చిన పిల్లవాడు

బంగరీ 1775 ప్రాంతంలో పుట్టారు. ఊరు, తేదీ రాసిపెట్టుకునే అలవాటు ఆ సమాజానికి లేదు. సిడ్నీకి ఉత్తరాన సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన బ్రోకెన్ బే పరిసరాలు ఆయన వాళ్లవి. చేపలు, ఆల్చిప్పలు, అడవి దుంపలు, వేట వాళ్ల జీవనం. చెట్టు బెరడుతో చేసిన పడవల్లో నీళ్ల మీద తిరుగుతూ పెరిగారు.

1788 జనవరిలో 11 బ్రిటిష్ ఓడలు ఆ తీరానికి వచ్చాయి. ఇంగ్లండ్ జైళ్లలో పట్టని ఖైదీలను తెచ్చి అక్కడ దింపాయి. ఏడాది తిరగ్గానే, 1789లో, సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసులకు మశూచి సోకింది. అంతకు ముందు ఆ జబ్బు వాళ్లకు తెలియదు. మన పల్లెల్లో ఒకప్పుడు అమ్మవారు పోసిందంటే ఊరు ఊరంతా ఎలా వణికిపోయేదో పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. అక్కడ దాదాపు సగం మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. కొన్ని గుంపుల్లో ఒకరిద్దరే మిగిలారు. అప్పటికి బంగరీకి పద్నాలుగేళ్లు ఉంటాయి.

మిగిలినవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని కొత్త గుంపులుగా కూడారు. అలా కూడిన తన వాళ్లతో బంగరీ 1790లలో సిడ్నీకి చేరారు. ఇంగ్లిష్ మాటలు చెవితోనే పట్టుకున్నారు. ఏ బడీ లేదు, పుస్తకమూ లేదు. రేవులో ఓడలను, నావికులను చూస్తూ నేర్చుకున్నారు.

ఓడ మీద బంగరీ

1798లో రిలయన్స్ అనే ఓడలో నార్ఫోక్ దీవికి వెళ్లారు. అదే ఓడలో మాథ్యూ ఫ్లిండర్స్ అనే యువ అధికారి పనిచేస్తున్నారు. ఆయనకు బంగరీ మంచితనం, ధైర్యం నచ్చాయి. మరుసటి ఏడాది ఉత్తరపు తీరాన్ని పరిశీలించడానికి నార్ఫోక్ అనే చిన్న ఓడలో బయల్దేరినప్పుడు బంగరీని తోడు తీసుకువెళ్లారు.

ఆయన పని ఏమిటి? తెల్లవాళ్లు దిగిన ప్రతి ఒడ్డునా అక్కడి ఆదివాసులు ఈటెలతో ఎదురయ్యేవారు. తమ నేల మీదికి చెప్పకుండా వచ్చినవాళ్లను ఎవరైనా అలాగే చూస్తారు. ఆ సమయంలో ముందుగా ఒంటరిగా నడిచి వెళ్లి, మేం గొడవకు రాలేదని తెలియజెప్పాలి. అది బంగరీ పని. ప్రతిసారీ అది ఫలించలేదు. 1799 జూలైలో బ్రైబీ దీవి దగ్గర మొదట ఇచ్చిపుచ్చుకోవడాలు బాగానే సాగినా, చివరికి ఈటెలు, తుపాకులు లేచాయి.

1802 జూలైలో ఫ్లిండర్స్ ఇన్వెస్టిగేటర్ అనే పెద్ద ఓడలో ఖండం మొత్తాన్ని చుట్టి పటం గీయడానికి సిడ్నీ నుంచి బయల్దేరారు. ఈసారి కూడా బంగరీ ఆయన వెంట ఉన్నారు. నాన్‌బరీ అనే మరో ఆదివాసీ యువకుడు కూడా బయల్దేరాడు కానీ మధ్యలోనే వెనుదిరిగాడు. బంగరీ చివరిదాకా నిలిచారు.

బయల్దేరిన కొద్ది రోజులకే శాండీ కేప్ అనే చోట జరిగిన సంగతిని ఫ్లిండర్స్ తన పుస్తకంలో రాశారు. ఒడ్డున కొందరు ఆదివాసులు నిలబడి ఉన్నారు. బంగరీ ఒంటి మీది బట్టలు తీసేశారు. చేతిలోని ఈటె కింద పెట్టారు. ఖాళీ చేతులతో వాళ్ల వైపు నడిచారు. తన భాషలో పలకరించారు. వాళ్లకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో కూడా ప్రయత్నించారు. అదీ అర్థం కాలేదు. అయినా కాసేపటికి వాళ్లు ఆయనను దగ్గరికి రానిచ్చారు. ఆ తర్వాత మిగతావాళ్లనూ రానిచ్చారు. ఆ రోజు అందరూ కలిసి తిన్నారు. ఈటెను దూరంగా విసరడానికి వాడే వూమెరా అనే కర్రను ఎలా పట్టుకోవాలో బంగరీ వాళ్లకు చేసి చూపించారు. వాళ్లలో ఒకతను ఈటెతో పాటు కర్రను కూడా విసిరేశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆదివాసీ కాబట్టి బంగరీకి దారి పొడుగునా అందరి భాషా వచ్చి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అప్పట్లో ఆ ఖండంలో సుమారు 250 భాషలు ఉండేవి. కొన్ని వందల కిలోమీటర్లు దాటితే బంగరీ కూడా పరాయివాడే. ఆయనకు ఉపయోగపడింది భాష కాదు. ఆయుధం కింద పెట్టి, ఎదుటివాడు భయపడకుండా ఎంత దూరంలో ఆగాలో, ఎంతసేపు ఓపిక పట్టాలో తెలిసిన మర్యాద.

ఓడలో ఆయనకు ఇంకో స్నేహితుడు ఉండేవాడు. ఫ్లిండర్స్ పెంచుకున్న ట్రిమ్ అనే నల్లపిల్లి. దాహమైనప్పుడు ట్రిమ్ బంగరీ దగ్గరికి వచ్చి మ్యావ్ అని, నీళ్ల పీపా మీదికి దూకి కూర్చునేదని ఫ్లిండర్స్ తర్వాత రాసుకున్నారు. ఈ ముక్క మీ పిల్లలకు చెప్పండి, మిగతా కథ వాళ్లే అడుగుతారు.

ప్రయాణం మాత్రం కథలంత తేలిక కాదు. ఇన్వెస్టిగేటర్ చెక్కలు పుచ్చిపోయి ఉన్నాయని దారిలో తెలిసింది. తైమూర్ దీవి దాటాక నావికులకు విరేచనాలు పట్టుకుని కొందరు చనిపోయారు. 1803 జూన్ 9న ఓడ తిరిగి సిడ్నీ చేరింది. ఆస్ట్రేలియాను చుట్టివచ్చిన మొదటి ఆదివాసీగా బంగరీ పేరు చరిత్రలో నిలిచింది. ఫ్లిండర్స్ గ్రంథం, పటం 1814లో అచ్చయ్యాయి. ఆ ఖండానికి ఆస్ట్రేలియా అన్న పేరు వాడుకలోకి రావడానికి ఆ పటమే ముఖ్య కారణం.

బిళ్ల ఎక్కడి నుంచి వచ్చింది

ఇక బిళ్ల సంగతికి వద్దాం. పూర్వం యూరప్ యోధులు మెడను కాపాడుకోవడానికి ఇనుప కవచం ధరించేవారు. తుపాకులు వచ్చాక కవచాలు పోయాయి. మెడ దగ్గరి ముక్క మాత్రం చిన్న నెలవంకగా మిగిలి, డ్యూటీలో ఉన్న అధికారికి గుర్తుగా మారింది. ఉత్తర అమెరికాలో తమకు సాయపడిన ఆదివాసీ నాయకులకు బ్రిటిష్‌వాళ్లు ఇలాంటివి కానుకగా ఇచ్చేవారు. మక్వారీ కుర్రతనంలో అక్కడ సైన్యంలో పనిచేశారు. ఆ తర్వాత మన దేశానికి వచ్చి, 1792లోనూ 1799లోనూ శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మీద జరిగిన యుద్ధాల్లో ఉన్నారు. తర్వాత గవర్నరై సిడ్నీకి వెళ్లినప్పుడు బిళ్ల ఆచారాన్ని అక్కడికి తీసుకువెళ్లారు.

మనకూ ఇలాంటి బిళ్ల తెలుసు. కలెక్టరు ఆఫీసుల్లో భుజం మీదుగా పట్టీ, దాని మీద మెరిసే ఇత్తడి బిళ్ల పెట్టుకుని నిలబడే బిళ్ల బంట్రోతును చూసినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. ఆ బిళ్ల మనిషి గొప్పతనాన్ని చెప్పదు. అతను ఎవరి తరఫున నిలబడ్డాడో చెబుతుంది. సిడ్నీలో వేసిన బిళ్ల నాయకుడు అని చెప్పినా, చేసిన పని దాదాపు ఇదే.

ఆస్ట్రేలియా ఆదివాసుల్లో రాజులు లేరు. తెగకంతటికీ ఒకే నాయకుడు ఆజ్ఞలిచ్చే పద్ధతీ లేదు. వయసు, అనుభవం, ఆచారాల జ్ఞానం ఉన్న పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకునేవారు. గవర్నరుకు మాత్రం మాట్లాడటానికి ఒక్క మనిషి కావాలి. తాను చెప్పింది మిగతావాళ్లకు చేరవేసే మనిషి కావాలి. అలాంటి మనిషిని తానే ఎంచుకుని, మెడలో బిళ్ల వేసి, ఇతడే నాయకుడు అన్నారు.

బిళ్లతో పాటు బంగరీకి జార్జెస్ హెడ్‌లో భూమి కేటాయించారు. ఆయనతో పాటు 16 కుటుంబాలకు గుడిసెలు వేయించారు. పనిముట్లు, విత్తనాలు, చేపలు పట్టడానికి ఒక పడవ ఇచ్చారు. ఇక వీళ్లు రైతులవుతారని గవర్నర్ ఆశ. కొంతకాలానికే గుడిసెలు ఖాళీ అయ్యాయి. పడవను మాత్రం వదల్లేదు. తమ జీవితానికి పనికొచ్చేది ఉంచుకుని, పనికిరానిది పక్కన పెట్టారు. సోమరితనం అని అప్పటివాళ్లు పెట్టిన పేరు అన్యాయమైనది.

అదే నెలలో ఒక బడి

తల్లిదండ్రులుగా మనం ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. బంగరీకి బిళ్ల వేయడానికి 13 రోజుల ముందు, 1815 జనవరి 18న, మక్వారీ పరమట్టాలో ఆదివాసీ పిల్లలకు ఒక రెసిడెన్షియల్ బడి ప్రారంభించారు. చదువు, వ్యవసాయం, కుట్టుపని నేర్పేవారు. నియమం ఏమిటంటే, ఒకసారి చేరిస్తే అబ్బాయికి 16 ఏళ్లు, అమ్మాయికి 14 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రులు వెనక్కి తీసుకువెళ్లకూడదు. ఏడాదికోసారి డిసెంబర్ 28న పరమట్టాలో ఆదివాసులందరికీ విందు పెట్టి, ఆ రోజు పిల్లలను చూపించేవారు.

ఆ బడి మంచి ఫలితాలే చూపించింది. 1819లో వలసలోని బడులన్నింటికీ కలిపి జరిగిన పరీక్షలో తెల్లవారి పిల్లలను దాటి 14 ఏళ్ల ఆదివాసీ బాలిక మొదటి బహుమతి గెలిచింది. ఆమె మరియా అని నమ్ముతారు. పెద్దయ్యాక మరియా, చనిపోయిన తన అన్నకు చెందిన భూమి తనకు రావాలని గవర్నరుకు అర్జీ పెట్టి సాధించుకుంది. అయినా తల్లిదండ్రులు ఆ బడికి భయపడేవారు. పిల్లలను పంపడానికి చాలామంది ఇష్టపడలేదు. వాళ్లకు చదువంటే విరోధం లేదు. పిల్లల మీద తమ మాట చెల్లకుండా పోవడమే వాళ్లకు భరించరానిదైంది.

మరుసటి ఏడాది వాళ్ల భయం ఇంకా పెరిగింది. 1816 ఏప్రిల్‌లో గొడవలను అణచడానికి మక్వారీ సైనికులను పంపారు. ఏప్రిల్ 17న ఆపిన్ దగ్గర వాళ్లు కనీసం 14 మంది ఆదివాసులను చంపారు. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్ విందులో కొందరు పెద్దల మెడల్లో బిళ్లలు వేశారు. రెండింటికీ ఆజ్ఞ ఇచ్చింది ఒక్క మనిషే.

సిడ్నీ రేవులో స్వాగతం

బిళ్ల వేసుకున్నాక కూడా బంగరీ ఊరికే కూర్చోలేదు. 1817 డిసెంబర్ 22న ఫిలిప్ పార్కర్ కింగ్ అనే అధికారితో మెర్మెయిడ్ ఓడలో మళ్లీ బయల్దేరారు. అప్పటికి ఆయన వయసు 40 దాటింది. ఖండపు వాయవ్య తీరం దాకా వెళ్లి 1818లో తిరిగివచ్చారు. పాత పనే మళ్లీ చేశారు. ఆయుధం లేకుండా ముందుకు నడవడం.

తర్వాతి సంవత్సరాల్లో సిడ్నీ రేవుకు వచ్చే ఓడలకు మొదట ఎదురయ్యేది బంగరీయే. పాత సైనిక కోటు, మడత టోపీ, మెడలో బిళ్లతో చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కేవారు. కాళ్లకు చెప్పులుండేవి కావు. టోపీ తీసి వంగి, తన దేశానికి వచ్చినందుకు స్వాగతం పలికేవారు. ఆ తర్వాత కొంత డబ్బో, రొట్టో, రమ్మో అడిగేవారు. గవర్నర్లు ఒక్కొక్కరు ఎలా నడుస్తారో, ఎలా టోపీ తీస్తారో అచ్చం అలాగే చేసి చూపించి అందరినీ నవ్వించేవారు.

వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన ఒక వేడుక మనిషి. రాజు అని పిలిచి నవ్వుకునేవారు. ఇప్పుడు చరిత్రకారులు దాన్ని వేరుగా చదువుతున్నారు. ఆ నేల ఆయనది. పరాయివాళ్లు వచ్చినప్పుడు ఆ నేలవాళ్లు ఎదురువెళ్లి పలకరించడం, వచ్చినవాళ్లు ఏదో ఒకటి ఇచ్చి అనుమతి పొందడం ఆయన సమాజపు ఆచారం. ఆయన అడిగింది బిచ్చం కాదు, ఇంటి యజమానికి అతిథి ఇవ్వవలసింది. ఇవాళ ఆస్ట్రేలియాలో పెద్ద సభలు మొదలయ్యే ముందు ఆ నేలకు చెందిన ఆదివాసీ పెద్దలు స్వాగతం చెప్పే ఆచారం ఉంది. 200 ఏళ్ల క్రితం బంగరీ ఓడ డెక్కు మీద నిలబడి చేసిందీ అలాంటిదే.

ఆయన బొమ్మను ఎందరో చిత్రకారులు గీశారు. 1820లో వచ్చిన రష్యన్ ఓడల చిత్రకారుడు మిఖాయిలోవ్ గీశాడు. 1826 ప్రాంతంలో అగస్టస్ ఎర్ల్ వేసిన తైలవర్ణ చిత్రం ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఎర్ర కోటు, చేతిలో పైకెత్తిన టోపీ, గుండెల మీద బిళ్ల, వెనక రేవు, రేవులో ఒక కోట. ఆ కోట పేరు ఫోర్ట్ మక్వారీ. ఆ కోట పోయింది. అదే చోట ఇవాళ సిడ్నీ ఓపెరా హౌస్ ఉంది. మన కుటుంబాల్లో చాలామందికి సిడ్నీలో బంధువులున్నారు. అక్కడ ఫొటో దిగిన మన పిల్లలు బంగరీ బొమ్మలో కనిపించే నేల మీదే నిలబడ్డారన్నమాట.

చివరి రోజులు, ఆ తర్వాత

చివరి సంవత్సరాలు బాగా సాగలేదు. వేట భూములు పోయాయి. మద్యం ఆయన వాళ్లందరినీ దెబ్బతీసింది. 1830లో నెలల తరబడి జబ్బుపడి, నవంబర్ 24న గార్డెన్ ఐలండ్‌లో తన వాళ్ల మధ్య కన్నుమూశారు. రోజ్ బేలో సమాధి చేశారు. గార్డెన్ ఐలండ్ ఇవాళ ఆస్ట్రేలియా నౌకాదళపు ముఖ్య స్థావరం.

ఆయన భార్యల్లో ఒకరైన కోరా గూస్‌బెరీకి కూడా రాణి అని చెక్కిన బిళ్ల ఇచ్చారు. ఆమె 1852లో చనిపోయింది. ఆమె బిళ్ల న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

బ్రిటిష్ సైన్యం తన అధికారులకు ఈ నెలవంక బిళ్లలు మాన్పించింది 1830లోనే. ఆస్ట్రేలియాలో మాత్రం వాటిని ఇంకా వందేళ్లు ఆదివాసులకు ఇస్తూనే వచ్చారు. గవర్నర్లే కాదు, వేల ఎకరాల పశువుల క్షేత్రాల యజమానులు కూడా తమ దగ్గర పనిచేసే ఆదివాసీ పెద్దలకు రాజు, రాణి అని చెక్కించి ఇచ్చారు. కొన్నింటి మీద కంగారూ, ఈమూ బొమ్మలు ఉంటాయి. ఒకవైపు ఆ రాజు భూమి చేజారిపోతూ ఉంటే మరోవైపు మెడలో బిళ్ల మెరుస్తూ ఉండేది. ఇవాళ కాన్‌బెర్రాలోని జాతీయ మ్యూజియంలో ఇలాంటి బిళ్లలు చాలా ఉన్నాయి.

వాటిని చూసే ఆదివాసీ కుటుంబాల మనసు రెండు విధాలుగా ఉంటుంది. అవమానానికి గుర్తు అని కొందరికి బాధ. మా ముత్తాత పేరు, ఊరు రాసి ఉన్న వస్తువు ఇదొక్కటే అని కొందరికి ఆప్యాయత. రెండూ నిజమే.

బంగరీ పేరు బిళ్ల మీద కంటే పటం మీద గట్టిగా నిలిచింది. ఆయన ఒకప్పుడు ఖాళీ చేతులతో దిగిన బ్రైబీ దీవిలో ఒక పట్టణం పేరు బొంగరీ. వాయవ్య తీరంలో ఒక దీవికి కూడా ఆయన పేరే ఉంది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

పిల్లలకు బ్యాడ్జీలు ఇవ్వడం తప్పు కాదు. మెచ్చుకోలు లేకుండా ఏ పిల్లా ఎదగదు. కానీ బిళ్ల ఇచ్చేవాళ్లు తమకు కావలసిన గుణాన్ని చూసి ఇస్తారు. పిల్లలో ఉన్నదంతా అందులో పట్టదు. లీడర్ బ్యాడ్జి రాని పిల్లలు కూడా క్లాసులో ఇద్దరి మధ్య గొడవను ఖాళీ చేతులతో వెళ్లి ఆపుతుంటారు. కొత్తగా చేరిన పిల్లవాడిని మొదట పలకరిస్తుంటారు. ఆ సంగతి ప్రోగ్రెస్ కార్డులో ఉండదు. మనం అడిగితేనే తెలుస్తుంది.

ఈ వారం భోజనాల దగ్గర పిల్లలను మూడు ప్రశ్నలు అడిగి చూడండి. భాష రాని చోట బంగరీ ఎలా స్నేహం చేశారు? గవర్నర్ బదులు నువ్వే బంగరీ బిళ్ల మీద రాయాలంటే ఏం రాస్తావు? మీ క్లాసులో ఏ బ్యాడ్జీ లేకపోయినా అందరికీ అవసరమయ్యే వాళ్లు ఎవరు?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబును క్లాస్ టీచరుకు కూడా చెప్పండి.